పోలయ్యకు నేనిచ్చిన మూడు రోజులు

2022 వేసవిలో నేను చెన్నై పక్కన ముట్టుకాడు దగ్గర ఒక ప్రైవేటు బోట్ హౌస్‌లో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చేవాణ్ణి. జనాన్ని సముద్రం పక్కనే ఉన్న బ్యాక్‌వాటర్‌లో తిప్పే ఔట్‌బోర్డ్ బోట్లు మావి. అంటే ఇంజను బోటు లోపల ఉండదు, వెనకవైపు బిగించి ఉంటుంది. బోటు నడపడమంటే స్పీడే అనుకుంటారు చాలామంది. అసలు పనితనం జనం ఎక్కి దిగే జెట్టీ దగ్గర ఆపడంలో ఉంది. బోటుకు బ్రేకులుండవు మరి.

ఒక డ్రైవరు ఖాళీ పడితే పోలయ్య వచ్చాడు. యాభై ఆరేళ్లు. పులికాట్ వైపు తెలుగు జాలరి, ముప్పై ఏళ్లు సముద్రం మీద ఫైబర్ బోటు నడిపినవాడు. మోకాళ్లు అరిగి, వల లాగే ఓపిక పోయి, బోటు అమ్మేశాడు. కూతురు షోళింగనల్లూరులో ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని మాట్లాడిపెట్టింది.

“గేటుకాడ కుర్చీలో కూకోలేను మాస్టర్. నీళ్లు కనపడకపోతే నాకు అన్నం దిగడంలా. సముద్రం కాకపోయినా సరి, ఈ నీళ్లన్నా చాలు” అన్నాడు.

కొత్తవాళ్లకు పదిహేను రోజులు నేర్పే నేను, ఇంత అనుభవానికి మూడు రోజులే ఎక్కువనుకున్నాను. అక్కడే తప్పులో కాలేశాను.

జాలర్ల బోటులో స్టీరింగు ఉండదు. ఇంజనుకే టిల్లర్ అనే పిడి ఉంటుంది. దాన్ని మెలితిప్పితే వేగం. కుడికి నెడితే బోటు ఎడమకు తిరుగుతుంది. మా బోట్లలో కారుకు మల్లే స్టీరింగు, ఎటు తిప్పితే అటే. పక్కన ఒక లివర్: ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే రివర్స్, నిటారుగా ఉంటే న్యూట్రల్.

ఖాళీ నీళ్లలో పోలయ్య బాగానే నడిపాడు. “యోచన చేసి తిప్పతా ఉండా మాస్టర్, అలవాటైపోతాది” అన్నాడు. నేనూ సరేనన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ట్రయల్. నేను ఆయన పక్కన, బోట్ హౌస్ ఓనరు జెట్టీ మీద. జెట్టీకి కుడివైపు ఒక కుటుంబం పిల్లలతో పెడల్ బోటు ఎక్కుతోంది. మేం దగ్గరికి వస్తుండగా గాలి మా బోటు ముక్కును వాళ్ల వైపు నెట్టింది. ఎడమకు తిప్పాలి. యోచన చేసే వ్యవధి లేదు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఆయన చెయ్యి స్టీరింగును టిల్లర్‌లా కుడికి తిప్పేసింది.

“అన్నా, ఎడం!” అని అరిచి, నేనే లివర్ లాగి రివర్స్ వేశాను. ఆ పిల్లలకు మూరెడు దూరంలో బోటు ఆగింది.

అన్‌ఫిట్ అని రాసి సంతకం పెట్టాను. ఇంకో పదిహేను రోజులు అడిగాను గానీ ఓనరు వినలేదు. “సీజన్లో జనం ఆడ క్యూలో ఉండారు, నాకు రేపే మనిషి కావాల” అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేను.

పోలయ్య లైఫ్ జాకెట్ విప్పి మడత పెడుతున్నాడు.

“తప్పు నాదన్నా. ఆ చెయ్యి పాతది మరిచిపోయేదాకా నేర్పాల్సింది” అన్నాను.

“అది మరిచిపోతే నాకాడ ఇంకేముండాది మాస్టర్?” అన్నాడు. కోపం లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. రెస్క్యూ బోటు వైపు చూశాడు. అది టిల్లర్ బోటు. “ఒక్క తూరి ఎక్కనిస్తారా?”

ఓనరు తలూపాడు. నేను ముందు కూర్చున్నాను. పోలయ్య చెయ్యి పిడి మీద పడగానే మనిషే మారిపోయాడు. ఆ గాలిలోనూ చుక్క నీరు చిందకుండా, రోడ్డు వంతెన కింద నుంచి సముద్రంలో కలిసే ముఖద్వారం దాకా తీసుకెళ్లాడు. ఇసుకమేట అడ్డం. దాని అవతల సముద్రం. ఇంజను ఆపి చాలాసేపు అటే చూశాడు.

ఏమీ రానివాడికి నేర్పడం నాకు వచ్చు. ముందే వేరే పద్ధతి వచ్చినవాడికి నేర్పడానికే ఎక్కువ రోజులు కావాలని ఆనాటి నుంచి గట్టిగా అడుగుతున్నాను. పోలయ్య తర్వాత వచ్చిన ముగ్గురు టిల్లర్‌వాళ్లకు నెల రోజులిప్పించాను. ముగ్గురూ పాసయ్యారు.

పోలయ్య ఇప్పుడు ఆ అపార్ట్‌మెంటు గేటు దగ్గరే ఉన్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. “గాలి ఎట్టుండాది మాస్టర్ ఆడ?” అంటాడు. చేతిలో ఏ పనున్నా ఆపి, జెట్టీ చివరిదాకా నడిచి, చూసి చెబుతాను.