సముద్రం కనబడని వాకిలి

పేరమ్మ పాకకూ ఒడ్డుకూ మధ్య నలభై అడుగులు. మొగుడు పోలేరయ్య నడుము విరిగి మంచాన పడ్డాక ఆ నలభై అడుగులే ఇద్దరికీ కూడు పెట్టాయి. కాళ్లు చచ్చినా అతని చూపు మాత్రం గద్ద చూపు. వాకిలి తెరిచి ఉంటే చాలు, సముద్రం అంచున గోరంత తెరచాప కనబడగానే అది ఎవరి తెప్పో చెప్పేవాడు.

"పేరీ, ఆదెయ్య తెప్ప వస్తా ఉండాది. కానాగంత చేపలే. లెగుమే!"

ఆమె గంప ఎత్తుకుని పోయి చేపల వేలం పాటలో అందరికన్నా ముందు నిలబడేది. ఒక తెప్పకూ ఇంకో తెప్పకూ మధ్య పరుగున వచ్చి, అతనికి గంజి తాగించి, పక్కకు ఒత్తిగిలబెట్టి పోయేది.

తుఫాను నీళ్లు పాలేన్ని ముంచిన ఏడాది, పటం చంకన పెట్టుకుని ఒక ఆఫీసరు వచ్చాడు. మెరక మీద కాలనీ కట్టిస్తామన్నాడు. "మీకేం కావాలో అడగండమ్మా" అని మర్యాదగానే అడిగాడు. ఆడవాళ్లు పెంకుల కప్పు అడిగారు. మంచినీళ్ల బావి అడిగారు. పేరమ్మ తలుపుకు గొళ్లెం అడిగింది. ఒడ్డు దగ్గరుండాలని మాత్రం ఎవరూ అడగలేదు. పుట్టినప్పటి నుంచీ కాళ్ల ముందున్నదాన్ని అడిగి తీసుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఒడ్డు నుంచి రెండు మైళ్లు లోపలికి కాలనీ లేచింది. విడవలూరు వైపు నుంచి బండ్ల బాట వేశారు. ఒడ్డు వైపు మాత్రం కాలు దిగబడే ఇసుకే. "మీ పాలెం పాకలన్నీ అమ్మినా ఈ ఇల్లొకటి రాదు" అన్నాడు ఆఫీసరు వెంట వచ్చిన గుమాస్తా. అబద్ధమేమీ కాదు.

తెప్ప ఎప్పుడొస్తుందో తెలియక పేరమ్మ పొద్దున్నే పోయి ఒడ్డున కూర్చునేది. దీపాల వేళకు ఇల్లు చేరేది. అప్పటిదాకా పోలేరయ్య తడిసిన గుడ్డల్లోనే ఉండేవాడు. వీపు పుండ్లు పడింది.

"ఏం జూసినావు మావా ఈ పొద్దు?"

"ఎదురింటి గోడ."

కొన్నాళ్లకు ఆ మాటా మానేశాడు.

పాకలు పీకేసిన చోట కోవూరు హజరత్తయ్య చేపలు ఉప్పేసే కొట్టం కట్టాడు. బండి వచ్చే చోట ఉప్పు దించుకోవడానికి అతనికో ఇల్లు కావాలి. పేరమ్మ పోయి తన ఇల్లు తీసుకోమంది. బదులుగా కొట్టం పంచలో ఆరు మూరల జాగా అడిగింది. అతను నిజమేనా అని రెండుసార్లు అడిగి, తర్వాత ఒప్పుకున్నాడు.

"పెంకుటిల్లు పారేసి పంచన పడినావా? నీకేమన్నా దెయ్యం పట్టిందామే!" అంది ఇరుగింటి నాగులమ్మ.

నలుగురు మొగవాళ్లు మంచం మోసుకొచ్చి, సముద్రం కనబడేలా తిప్పి దించారు.  మూడో రోజు పొద్దెక్కాక పోలేరయ్య కేకేశాడు.

"పేరీ! తెరచాప! ఆదెయ్యదే, లెగుమే!"

పేరమ్మ తలెత్తింది. కొండగాలి విసురుతోంది. తెప్పలన్నీ ఒడ్డునే బోర్లించి ఉన్నాయి. నీళ్ల మీద ఏమీ లేదు. వంగి అతని ముఖంలోకి చూసింది. రెండు కళ్లకూ తెల్లగా పొర కమ్మింది. ఆ గోడ ముందు అది ఎప్పుడు కమ్మిందో, దీపం వెలుగులో ఆమె కనిపెట్టలేదు.

"ఈ గాలికి తెప్ప ఏడదిమే?" అని నవ్వింది కొట్టం పనికి వచ్చిన నాగులమ్మ.

పేరమ్మ గంప ఎత్తుకుని నలభై అడుగులూ నడిచి నీళ్ల దగ్గర నిలబడింది.

"ముందు నిలబడినావా?" వెనక నుంచి పోలేరయ్య అరిచాడు.

"నిలబడినా మావా" అంది, తిరిగి చూడకుండా.