డైపర్‌కు సాక్షులు

పసిపిల్లల తొడల మీద ఎలాస్టిక్ పట్టేసిన ఎర్రటి గీతలు చూస్తే మా అక్కకు ఒళ్లు మండేది. మొగుడు వదిలేశాక పాల్వంచ కాలనీలో మిషన్ కుట్టుకుంటూ బతికేది. వాడి పారేసే డైపర్ ఒకటి తానే తయారు చేసింది: దూది, పల్చటి ప్లాస్టిక్ కాగితం, తొడ దగ్గర సన్నటి ఎలాస్టిక్. ఆ ఎలాస్టిక్‌ను ఒంపు తిరిగే చోట మాత్రమే సాగదీసి అంటించి, రెండు కొసలూ వదులుగా ఉంచేది. పిల్లకు ఒరుసుకునేది కాదు, ఒక్క చుక్క బయటికి కారేది కాదు. కాలనీలో ఎవరింట్లో పురుడైనా ఓ సంచి నిండా ఇచ్చి వచ్చేది.

తొంభైల మొదట్లో దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టింది. ఆ కాగితం చేతికొస్తే సొంతంగా చిన్న కార్ఖానా పెట్టాలని ఆశ. ఇంతలో పట్నంలోని ఓ కంపెనీ అడ్డుపడింది. అదే రకం ఎలాస్టిక్‌తో అమ్మకాలు మొదలుపెట్టి, పైగా అక్క దరఖాస్తు చెల్లదని అభ్యంతరం వేసింది. సిగ్గులేని జన్మలు! విచారణ మద్రాసు పేటెంట్ ఆఫీసులో అన్నారు.

మా నాయనది చండ్రుగొండలో వ్యవసాయం. ఊళ్లో పొలం గట్టు తగాదాలొస్తే పెద్దమనిషిగా కూర్చునేవాడు. గట్టు నీదని పదిమంది చెబితే గట్టు నీదే, ఆయనకు తెలిసిన న్యాయం అంతే. మా వకీలుకు చెప్పకుండా కాలనీ తల్లులను ముగ్గురిని రైలెక్కించాడు.

"సాక్షులు లేని తగాదా ఏంది బిడ్డా? వీళ్లు జెప్తే ఎవడు కాదంటడు?"

విచారణ గదిలో వాళ్లను చూసి మా వకీలు తల పట్టుకున్నాడు. కంపెనీ వకీలు తెలుగువాడే, చెప్పనివ్వండి అన్నాడు.

"దరఖాస్తు కంటే ముందే వాడారా అమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

"అయ్యో, ఎంత ముందుగాల్నో! మా పెద్దోడు పుట్టినప్పటి సంది. వాడిప్పుడు బడికి పోతుండు. కాలనీల అందరు చూసినోళ్లే సార్, దాచిందేం లేదు," అందొకామె. మిగతా ఇద్దరూ "అవ్, అవ్" అన్నారు.

ఆయన ఇంకేమీ అడగలేదు. దరఖాస్తుకు ముందే అందరూ వాడిన వస్తువుకు పేటెంట్ రాదని నాయనా తల్లులూ ముందు వెళ్లిపోయాక మెట్లు దిగుతూ మా వకీలు అక్కకూ నాకూ చెప్పాడు.

"చేసింది మా అక్కేనని వాళ్లు జెప్పిరి గదా సార్!" అని అరిచాను.

"అది ఎవరూ కాదనలేదమ్మా. ముందే పంచేసింది కాబట్టి ఇప్పుడెవరైనా చేసుకోవచ్చు."

నలుగురికి ఇచ్చుకుంటే మనది కాకుండా పోతుందట! ఏం చట్టమో, తగలబెట్టాలనిపించింది.

తిరుగు రైల్లో తల్లులు పులిహోర పొట్లాలు విప్పారు. గెలిచామనే అనుకుంటున్నారు.

"మంచిగ జెప్పినమా వదినా?"

"మస్తు జెప్పిండ్రు," అంది అక్క. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. నాయన మాత్రం కార్ఖానాకు జాగా ఎక్కడ చూడాలా అని ఊరిదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

కార్ఖానా కోసం మెట్ట చేను అమ్మకానికి పెడుతున్నానని ఆయన చెప్పిన రోజు, ఇక దాచలేక అక్క అంతా చెప్పేసింది.

"అయితే నేనే ముంచితినా బిడ్డా?" అన్నాడు నాయన.

అక్క వెక్కి వెక్కి ఏడ్చింది గానీ, కాదని అనలేకపోయింది.