తువ్వాలు తీసేసిన సెక్రటరీ

లక్ష్మీనరసింహం మాస్టారికి కోపమొస్తే విజిల్ ఊదేవారు. ఇంట్లో కాఫీ ఆలస్యమైనా అంతే. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక కూడా ఆ విజిల్ ఆయన మెడలోనే ఉండిపోయింది. 1998లో నల్లపాడు స్టేషను పక్క ఖాళీ స్థలంలో జీతాలిచ్చి ఆడించే ఫుట్‌బాల్ లీగు పెడతానంటే, "క్రికెట్ తప్ప మనవాళ్ళు ఇంకోటి చూస్తారా అండీ?" అని ఎగతాళి చేసింది నేనే. నన్నే రిఫరీని చేసి నా నోరు మూయించారు.

గుంటూరు, నల్లపాడు, వినుకొండ, చీరాల అని నాలుగు జట్లు. ఒక్కో జట్టుకి ఒక్కో యజమాని. గుంటూరు, నల్లపాడు వాళ్ళవి మిర్చి వ్యాపారాలు, వినుకొండాయనకి పత్తి మిల్లు, చీరాలాయనకి మరమగ్గాలు. ఆడేది వాళ్ళ దగ్గర పనిచేసే హమాలీలు, మగ్గం పనివాళ్ళే. పురుగు పత్తిని తినేసిన ఏడు వినుకొండాయన జట్టు ఎత్తేస్తానన్నాడు. మాస్టారు వెళ్ళి ఆయన అరుగు మీద మూడు రోజులు కూర్చున్నారు. విసుగొచ్చి ఆయనే సరేనన్నాడు. లీగుకి సెక్రటరీ మాస్టారే, ఆయన సెక్రటరీగిరీ అంటే ఇదే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

2003 డిసెంబరులో గుంటూరు జట్టు బుల్లయ్యకి ఆటలో కాలు విరిగింది. అతను మిర్చి యార్డులో హమాలీ. బస్తా ఎత్తలేడు, బంతి తన్నలేడు. జట్టు యజమాని లక్ష్మీకాంత్ ఆ నెల నుంచే జీతం ఆపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు జట్ల ఆటగాళ్ళూ ఒక్కటై, దెబ్బ తగిలినవాడికి జీతం ఆపితే ఫైనల్ ఆడేది లేదన్నారు. ఫైనల్ ఆగితే లీగు అక్కడితో సరి.

మాస్టారు అప్పుడొక పొరపాటు చేశారు. మిరప పండించే ఇంట్లో పుట్టినవాళ్ళు మాత్రమే చేసే పొరపాటది. యార్డులో పాతవాళ్ళ బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. ఆ మాట మూడోవాడికి తెలియకూడదు. బయటపెట్టినవాడితో మళ్ళీ ఎవరూ బేరానికి కూర్చోరు. మాస్టారు నలుగురు యజమానుల దగ్గరికీ విడివిడిగా వెళ్ళి, భుజం మీది తువ్వాలు పరిచి, దెబ్బ తగిలినవాడికి ఎన్ని నెలలు జీతమిస్తారో అలాగే వేళ్ళ మీద ఒప్పించుకొచ్చారు.

ఫైనల్ నాటి సాయంత్రం ఆటగాళ్ళంతా మైదానం మధ్యలో బైఠాయించారు.

"ఒప్పుకున్నారయ్యా, లేవండి," అన్నారు మాస్టారు.

"ఎన్ని నెలలకండీ?" అని అడిగాడు చీరాల గోల్‌కీపర్ బుడే.

మాస్టారు భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

"చెప్పకపోతే ఎట్టా మాస్టారూ? మమ్మల్ని కూడా తువ్వాలు కింద అమ్మేశారా?"

 మాస్టారి చెయ్యి విజిల్ దాకా వెళ్ళి ఆగింది. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పడేశారు. కుర్చీల్లో కూర్చున్న యజమానుల వైపు తిరిగి, జనమంతా చూస్తుండగా వేళ్ళు పైకెత్తారు. "వినుకొండ ఐదు. చీరాల మూడు. నల్లపాడు మూడు. లక్ష్మీకాంత్ గారు ఒకటి."

జనం గొల్లున నవ్వారు. లక్ష్మీకాంత్ లేచి నిలబడ్డాడు. "తువ్వాలు కింద మాట బయటపెడతారా? ఇక యార్డులో మీ చెయ్యి ఎవడు పట్టుకుంటాడండీ?"

"పట్టుకోకండి. మనుషుల్ని చాటున బేరమాడటం నా తప్పే."

చంకలో కర్రతో బుల్లయ్య ముందుకొచ్చాడు. "నెలల లెక్కొద్దండీ. నేను మళ్ళీ బస్తా ఎత్తేదాకా ఇప్పించండి చాలు. ఎత్తిన రోజు నేనే చెబుతా. అందరికీ అదే పద్ధతి పెట్టండి."

వినుకొండాయన ముందుగా సరేనన్నాడు. అంతమందిలో మిగతావాళ్ళూ కాదనలేకపోయారు. లక్ష్మీకాంత్ అందరికన్నా చివర్న తలూపాడు. నేను ఆట మొదలుపెట్టించాను.

ఏప్రిల్‌లో మాస్టారు తన రెండెకరాల మిర్చి యార్డుకి తెచ్చారు. తోడుగా నేనూ వెళ్ళాను. కొనేవాళ్ళు వచ్చారు, కాయ విరిచి చూశారు, పక్క బస్తాల దగ్గరికి వెళ్ళిపోయారు. ఒక్కడూ చెయ్యి చాపలేదు. మధ్యాహ్నానికి మా చుట్టూ సరుకంతా అమ్ముడైపోయింది. ఆయన్ని అలా చూడటం నాకు చాలా కష్టమనిపించింది.

"కోల్డ్ స్టోరేజీకి ఎత్తిద్దాం పదవయ్యా," అన్నారాయన మామూలుగానే.

అప్పుడొచ్చాడు బుల్లయ్య, కొంచెం కుంటుతూ.

"డాక్టరు ఇంకో నెల ఆగమన్నాడు కదరా!" అన్నారు మాస్టారు.

"మీ బస్తా ఇంకోడు ఎత్తితే నాకు బాగోదండీ."

వంగి, బస్తా వీపు మీదికి వేసుకుని, లారీ దాకా నడిచి దించాడు. ఎదురుగా కొట్లో కూర్చున్న లక్ష్మీకాంత్‌కి వినబడేలా అరిచాడు. "బాబుగారూ, ఎత్తాను! ఇయ్యాళ్టి నుంచి నా జీతం ఆపేయండి!"

మాస్టారు యార్డంతా తిరిగి చూసేలా విజిల్ ఊదారు. కోపమొచ్చి కాదని నాకు తెలుసు. బుల్లయ్య అప్పటికే రెండో బస్తాకి వంగాడు.