లేని పేజీ చదివిన రుసాంకా

పిల్లలు పుస్తకాల్లో పెన్సిలు రాతలు రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఏడేళ్లుగా మా ఊరి లైబ్రరీలో ప్రతి వేసవీ రబ్బరు పట్టుకుని ఆ రాతలన్నీ రుద్దేస్తున్నాను. దన్యూబు నది మీంచి దోమలు వస్తుంటాయి, నేను రుద్దుతూ ఉంటాను. "ఇస్క్రా ఆంటీ వస్తోంది, పెన్సిలు దాచు" అని పిల్లలు చెప్పుకుంటారట. చెప్పుకోనీ.

రుసాంకా నా చిన్ననాటి స్నేహితురాలు. లైబ్రరీకి ఎదురుగా ఉన్న బస్టాండులో ముప్పై ఏళ్లు మైకు దగ్గర కూర్చుని బస్సుల వేళలు చదివింది. ఫిబ్రవరిలో ఆమెకు మెదడులో రక్తం గడ్డకట్టింది. కాలూ చేయీ బాగానే ఉన్నాయి. మాట తడబడదు, పేరు రాయమంటే రాస్తుంది. తను రాసిందే చదవడం మాత్రం చేతకాదు. అలాంటి జబ్బు ఒకటి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

బస్టాండు వాళ్లు సెప్టెంబరు దాకా గడువిచ్చారు. ఆ రోజు బస్సుల వేళల షీటు చదివి వినిపిస్తే మైకు ఆమెది, లేకపోతే పెన్షను. షీటు రోజూ మారుతుంది కాబట్టి గుర్తుపెట్టుకుని చెప్పడం కుదరదు.

"ఇంట్లో కూర్చుని చలికాలానికి టమాటాలు సీసాలకెత్తడం నా వల్ల కాదే" అంది నాతో. "ఆ మైకు లేకపోతే నేనెవర్ని?"

ఇష్టమైనవి చదవమంది డాక్టరమ్మ. రుసాంకా ఆలోచించనైనా లేదు. "'మిల్లులో తెల్ల చెయ్యి' ఇవ్వు" అంది. చిన్నప్పుడు మేమిద్దరం వేసవి సెలవులంతా చదివిన దయ్యాల పుస్తకం అది. వాళ్ల నాయనమ్మ ద్రాక్షపందిరి కింద పుచ్చకాయ తింటూ చదివేవాళ్లం, చేయి తలుపు సందులోంచి వచ్చే చోట ఒకళ్ల మోకాలు ఒకళ్లం గిల్లుకునేవాళ్లం.

జూలైలో మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం బానిత్సా అనే జున్ను రొట్టె పొట్లంతో వచ్చి, కిటికీ పక్కన కూర్చుని, వేలు పెట్టుకుని పైకి చదివేది. మొదటి వారం నత్తనడక. మూడో వారానికి గడగడా చదివేస్తోంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఒకరోజు కౌంటరు వదిలేసి ఆమె వెనక నిలబడి విన్నాను.

నలభయ్యో పేజీ అయిపోయింది. వేలు పక్క పేజీ మీదికి జరిపింది. మిల్లువాడు దీపం ఎత్తాడు, గోడ మీద నీడకు వేళ్లు ఆరున్నాయి, అని ఆపకుండా చదువుతోంది. ఆమె ముందున్నది నలభై మూడో పేజీ. మధ్యలో కాగితం ఎవరో చింపేశారు. ఆరు వేళ్ల సంగతి ఆ లేని కాగితంలో ఉంది.

నా నోటికి అదుపు లేదు. "ఏమే, ఎవర్ని మోసం చేస్తున్నావ్? అక్కడ ఆ పేజీయే లేదు" అన్నాను.

రుసాంకా వేలు ఆగిపోయింది. కాగితం చింపిన అంచును తడిమి చూసింది.

"మోసం కాదే. నేను చదువుతున్నాననే అనుకున్నా" అంది. "నోరు దాని దారిన అది పోయిందన్నమాట."

కళ్లు తుడుచుకుని సంచి తీసుకుంది. నాలుక కోసుకుందామనిపించింది నాకు. ఆమెను ఆపడానికి ఏదో ఒకటి కావాలి, ఆమె ఎన్నడూ చూడని మాట ఒక్కటి కావాలి. పుస్తకం మొత్తం ఆమెకు కంఠతా వచ్చు. గబగబా కాగితాలు తిప్పాను. ఎనభై ఎనిమిదో పేజీలో, చేయి గొంతు పట్టుకునే చోట, అంచున పెన్సిలు రాత కనిపించింది. నా రబ్బరుకు చిక్కకుండా మిగిలిపోయింది.

"ఇది చదివి పో" అన్నాను.

"చదవలేనని తేలిపోయిందిగా."

"కూర్చోవే మొండిదానా."

కూర్చుంది. ఒక్కో అక్షరం వేలితో దిద్దుకుంటూ, పెదాలు కదుపుతూ, పావుగంట పైనే పట్టింది. చెమటలు కారాయి.

"భయ... పడకు. ఇంకో పేజీ... తిప్పితే... తెల్లారుతుంది. నెవెనా, తొమ్మిదేళ్లు."

నిరుటి వేసవిలో ఎవరో పిల్ల రాసి ఉంటుంది. రుసాంకా నా వైపు తిరిగి, "ఇది నాకు ముందు తెలియదు" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆ రోజు బానిత్సా చల్లారిపోయింది.

ఆగస్టంతా మేం కథలు చదవలేదు, అంచులు చదివాం. దయ్యాల పుస్తకాల అర మొత్తం దించాను. 'వీడు చస్తాడు', 'ఇక్కడ నేను మంచం కింద చూశాను', 'అన్నీ అబద్ధాలు'. అలాంటివి ఎన్ని రుద్దేశానో తలుచుకుంటే నా మీద నాకే కోపం వచ్చింది.

సెప్టెంబరులో షీటు చదివింది. నెమ్మదిగా చదివింది, ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, సరిచేసుకుంది. సగం రోజుల పనికి మైకు ఇచ్చారు. కిటికీ తెరిస్తే వినిపిస్తుంది. ప్లేవెన్ వెళ్లే బస్సు, మూడో ప్లాట్‌ఫారం.

మొన్న పుస్తకం తిరిగిచ్చి వెళ్లింది. అలవాటు చొప్పున రబ్బరు పట్టుకుని తెరిచాను. ఎనభై ఎనిమిదో పేజీలో నెవెనా రాత కింద, వంకర టింకర పెన్సిలు అక్షరాలు కొత్తగా ఉన్నాయి.

'నిజమే, తెల్లారింది. రుసాంకా, యాభై ఆరేళ్లు.'

రబ్బరు సొరుగులో పడేశాను.