రాహేలు పేరు మీద నా జబ్బు

ఆ రోజు శుక్రవారం. మస్కట్‌లో వారం సెలవు శుక్రవారమే కాబట్టి, తెలుగు కుటుంబాలం నాలుగు కలిసి సముద్రం ఒడ్డుకు పోయాం. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి నేను చేపలు వేయిస్తున్నాను. షికారుకు వచ్చిన రోజన్నా ఆడవాళ్లకు వంట తప్పాలని మగవాళ్లం పెట్టుకున్న పద్ధతి అది. పెనం జారబోతే ఎడమచేత్తో అంచు పట్టుకుని సర్ది, మళ్లీ కబుర్లలో పడ్డాను. పక్కనే ఉన్న కరుణ, మాతో వచ్చిన కుటుంబాల్లో ఒకరి భార్య, కేక వేసింది.

“అన్నయ్యా, చెయ్యి! చెయ్యి కాలిపోతోంది!”

చూస్తే చిటికెన వేలు, దాని కింద అరచేతి అంచు ఇంకా పెనానికే ఆని ఉన్నాయి. తోలు కమిలి తెల్లబడింది. నాకు నొప్పి లేదు, మంట లేదు. అందరూ కంగారు పడుతుంటే, “కొత్తగూడెం బొగ్గు తోలమ్మా ఇది, గంత జల్దీ కాలదు” అని నవ్వేశాను. వాళ్లూ నవ్వారు. నా భార్య రాహేలు మాత్రం నవ్వలేదు.

నా పేరు శామ్యూలు. మా నాన్న కొత్తగూడెంలో బొగ్గుగని కార్మికుడు. నేను డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకుని, ఎనభైల మొదట్లో ఒక కట్టడాల కంపెనీలో చేరి మస్కట్ పోయాను. పెళ్లయిన ఏడాదికి రాహేలును తెచ్చుకున్నాను. మాకు పిల్లలు లేరు. ఆ లోటు తెలియకుండా రాహేలు ఇంటినిండా మనుషుల్ని పెట్టుకునేది. ఊరి నుంచి ఎవరు కొత్తగా దిగినా మొదటి అన్నం మా ఇంట్లోనే. ఆమె చేపల పులుసు కోసం జనం పిలవకుండానే వచ్చేవాళ్లు. దేశం కాని దేశంలో ఆమెకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని పోగొట్టింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచుకునే అలవాటు నాకింక వద్దు.

ఇంటికొచ్చి కాలినచోట మందు రాస్తూ రాహేలు నా మోచేతి కింద ఒక మచ్చ చూసింది. చుట్టూ ఉన్న తోలు కన్నా పాలిపోయి, ఒక్క వెంట్రుక లేకుండా ఉంది.

“ఇది ఎప్పటిసంది ఉంది?”

“ఏమో. ఉప్పుగాలికి వచ్చి ఉంటది.”

జడపిన్నుతో దాని మీద పొడిచి, “తెలుస్తుందా?” అంది. తెలియలేదు. తెలుస్తుందన్నాను.

నేను అమాయకుణ్ణి కాదు. చిన్నప్పుడు కొత్తగూడెంలో మా క్వార్టర్ల దగ్గరికి ఈ జబ్బుతోనే వేళ్లు పోయిన ముసలాయన ఒకడు అడుక్కోవడానికి వచ్చేవాడు. నీళ్లడిగితే నేనే చెంబు పైకెత్తి, దూరం నుంచి అతని దోసిట్లో పోసేవాణ్ణి. చెంబు అతనికి తగలకుండా పోయడంలో నాకు మంచి ఒడుపు ఉండేది. మచ్చ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చెంబే.

నాలుగు నెలలకు సెలవు దొరికి ఇండియా వచ్చాం. రాహేలు పట్టుబట్టి భద్రాచలం అవతల అడవి దారిలో ఉన్న ఒక మిషన్ దవాఖానాకు తీసుకుపోయింది. ఖమ్మంలో చూపించుకుంటే తెలిసినవాళ్లు కనబడతారని నేనే దూరం కోరాను. వరండాలో అడవి ఊళ్ల నుంచి వచ్చిన కోయవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె జరిగి బెంచీ మీద నాకు చోటిచ్చింది. రాహేలు కూర్చుంది. నేను ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని గంటన్నర నిలబడ్డాను.

డాక్టరమ్మకు అరవై ఏళ్లుంటాయి. కళ్లు మూసుకోమని మచ్చ మీద దూదిపోగుతో తాకింది. ఎక్కడ తాకిందో చెప్పలేకపోయాను. మోచేతి వెనక వేలు పెట్టి, “అల్నార్ నర్వ్ లావెక్కింది” అని, చిటికెన వేలి దాకా పోయే నరం గురించి నర్సుతో అంది. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, క్రిములున్నాయేమో చూడటానికి స్కిన్ స్మియర్ తీశారు. సాయంత్రానికి పాజిటివ్ అని వచ్చింది.

“లెప్రసీ. మల్టీబాసిలరీ టైపు, అంటే క్రిములు ఎక్కువున్న రకం. రెండేళ్లు ఎండీటీ, మూడు మందుల కోర్సు, వాడాలి. ఇది బ్యాక్టీరియా, పాపం కాదు, శాపం కాదు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మీ నుంచి ఎవరికీ అంటదు. కలిసి తినండి, కలిసి ఉండండి,” అంది. రాహేలును కూడా ఒళ్లంతా పరీక్షించి, “ఈమెకు ఏమీ లేదు” అంది.

వాటిలో రిఫాంపిసిన్ అనేది నెలకోసారి దవాఖానావాళ్ల ఎదుటే మింగాలట. పరదేశం పోయేవాణ్ణని ఏడాదికి సరిపడా ఇస్తూ, ఆ బాధ్యత రాహేలుకు అప్పగించింది. నాతో మాత్రం వేలు చూపించి చెప్పింది. “మధ్యలో రియాక్షన్ రావచ్చు. చెయ్యి నొప్పి పుట్టినా, వేళ్లలో బలం తగ్గినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలి. దాచుకుంటే వేళ్లు పోతాయి.”

మస్కట్ తిరిగొచ్చాక మందుల స్ట్రిప్పులు ఖాళీ పాలపొడి డబ్బాలో పెట్టి వంటింటి పైఅరలో దాచాను. ఈ జబ్బని తెలిస్తే వీసా రద్దు చేసి విమానం ఎక్కిస్తారని అక్కడ అందరూ అనుకునేవాళ్లు. ఆ మందుల్లో క్లోఫాజిమిన్ అనేదానికి నా ఒళ్లు నల్లబడుతుంటే సైట్‌లో ఎండ అని చెప్పేవాణ్ణి. ఆఫీసులో బోర్డు ముందు కూర్చుని గీతలు గీసుకునేవాడికి ఎండ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నా అదృష్టం.

ఒక శుక్రవారం మా ఇంట్లో భోజనాలు. కరుణ వంటింట్లో సాయం చేస్తోంది. వీళ్లది సత్తుపల్లి. ఆమె భర్త జోసెఫ్ గారు మా ప్రార్థన కూడికకు పెద్ద. చింతపండు కోసం వెతుకుతూ కరుణ ఆ డబ్బా దించి మూత తీసింది. ఆమె నాన్న ఊరూరా తిరిగి లెప్రసీ సర్వే చేసిన ఉద్యోగి. ఆ స్ట్రిప్పులు నాన్న చేతుల్లో చూసిన పిల్ల.

డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చి, “అన్నయ్యా, ఇవి ఎవరివి?” అంది. గొంతు తగ్గించిందే కాని, నలుగురూ తలెత్తారు.

“అవి రాహేలువి,” అన్నాను.

ఆలోచించి అన్నది కాదని చెప్పుకోవచ్చు. కాని ఆ ఒక్క క్షణంలోనే నా బుర్ర అన్ని లెక్కలూ వేసింది. నాకైతే కొలువు పోతుంది. ఆమెకు పోయేదేముంది, ఇంట్లో ఉండే మనిషి అనుకున్నాను. రాహేలు గరిటెతో గుమ్మంలో నిలబడి విన్నది. నా వంక చూసింది. మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పూట పులుసు చాలా మిగిలింది.

జోసెఫ్ గారు మంచివారు. “బ్రదర్, ఈ మాట గడప దాటదు” అన్నారు. దాటలేదు. కంపెనీ చెవిన పడలేదు. కాని గడప లోపలికి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినా, “ఇప్పుడే తాగి వచ్చాం వదినా” అని టీ వద్దనేవాళ్లు. వంటలు పంచుకునే రోజు రాగానే, “నువ్వు అలసిపోతావు వదినా, ఈసారికి మేం చూసుకుంటాంలే” అని కరుణ ముందే కబురు పెట్టేది. షికారు పోతే కారు వెనకసీటులో రాహేలు పక్కన ఎప్పుడూ ఒక సంచి ఉండేది. నా పక్కన మనుషులు కూర్చునేవాళ్లు. పైగా, “పాపం శామ్యూలు, ఎంత ఓపికగా చూసుకుంటున్నాడో” అని నాకు మంచి పేరు వచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టు ఆ మెప్పంతా నోరు మూసుకుని దిగమింగాను.

అన్నిటికన్నా పెద్ద అవమానం ప్రభువు బల్ల రోజు, యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. నెలకోసారి జోసెఫ్ గారి హాల్లో జరిగేది. మా పద్ధతిలో ద్రాక్షరసానికి ఒకటే గిన్నె. చేతి నుంచి చేతికి పోతుంది, అందరూ దానికే నోరు పెడతారు. జోసెఫ్ గారి తర్వాత రెండోవాణ్ణి నేను. రాహేలు ఎప్పుడూ కరుణ పక్కన కూర్చునేది. ఆ సంగతి తర్వాత ఆమెకు తలుపు దగ్గర చోటు చూపించారు. అందరూ తాగాక చివరిగా గిన్నె ఆమెకు అందేది. ఆమె తాగగానే కరుణ దాన్ని కొంగుతో పట్టుకుపోయి మరిగే నీళ్లలో వేసేది. జబ్బున్న నేను రెండోవాణ్ణి. ఏ జబ్బూ లేని నా భార్య చివరిది. నెల తర్వాత నెల నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను.

మందు మొదలుపెట్టిన ఆరో నెలలో రియాక్షన్ వచ్చింది. జ్వరం, ముఖం మీద ఎర్రటి దద్దుర్లు, మోచేతి నుంచి చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. డాక్టరమ్మ మాట రాహేలే గుర్తుచేసింది.

“కంపెనీ డాక్టర్ దగ్గరికి పో.”

“పోతే రాసుకుంటడు. కొలువు పోతది.”

“కొలువు పోతే ఇంకోటి దొరుకుతది. చెయ్యి దొరుకుతదా?”

నేను వినలేదు. తెలివిగా భద్రాచలానికి ఉత్తరం రాశాను. జవాబు అయిదు వారాలకు వచ్చింది. అప్పటికి చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగి నిలిచాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నాకు చెయ్యి కాలిందీ తెలియలేదు, ఆకు అందాల్సినప్పుడు అందుకోనూ లేదు. ఉత్తరంలో డాక్టరమ్మ రాసింది: “నరం వాపు తగ్గడానికి వెంటనే ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టించుకోండి. అది ఉత్తరం రాయాల్సిన రోజు కాదు, పరుగెత్తాల్సిన రోజు.”

ఆ మర్నాడే ప్రభువు బల్ల. గిన్నె నా చేతికి వచ్చింది. ఎడమచేతి వేళ్లు పట్టు ఇవ్వక ఒలికి, తెల్లగుడ్డ మీద మరక పడింది.

“ఫర్వాలేదు బ్రదర్, తీసుకోండి,” అన్నారు జోసెఫ్ గారు.

తలుపు దగ్గర రాహేలు తల వంచుకుని తన వంతు కోసం చూస్తోంది. నాకు చెంబు పైకెత్తి నీళ్లు పోసిన రోజులు గుర్తొచ్చాయి. నా ఇంటి మనిషికే అట్లా పోయించాను.

“జోసెఫ్ గారూ, ఆ మందులు నావి. జబ్బు నాది. రాహేలుకు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు,” అన్నాను.

గిన్నె అందుకోవడానికి నా పక్కాయన చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. వెనక ఎవరో పెదవులు తుడుచుకున్నారు. కరుణ “వదినా…” అని లేచింది. రాహేలు లేచి చెప్పులేసుకుని, “పోదాం పా” అంది.

ఇంటికొచ్చాక సిగ్గు లేకుండా అడిగాను. “నువ్వన్నా నిజం చెప్పకపోతివి?”

“నువ్వు చెప్తవని చూసిన,” అంది. “ప్రతి శుక్రవారం చూసిన.”

మర్నాడు కంపెనీ డాక్టరుకు అన్నీ చెప్పాను. మందు ఇచ్చాడు, రాసుకోవాల్సింది రాసుకున్నాడు. నెలలో మమ్మల్ని పంపేశారు. సామాను సర్దుతుంటే కరుణ వచ్చి రాహేలు చేతులు పట్టుకుని ఏడ్చింది. “తప్పయిపోయింది వదినా, నాన్న చెప్పింది కూడా మర్చిపోయాను, కలిసి తింటే రాదని తెలిసి కూడా భయపడ్డాను” అంది. పొయ్యి మీద ఉన్న పులుసు గిన్నెలో పోసుకుని నిలబడే తాగేసింది. తెలియక మోసపోయిన మనిషి నెల తిరక్కుండానే క్షమాపణ అడిగింది. తెలిసి మోసం చేసిన నేను ఆ మాట అనడానికి ఇంకో ఏడాది తీసుకున్నాను.

మిగతా మందు భద్రాచలం అవతలే పూర్తిచేశాను. ఈసారి వరండాలో బెంచీ మీద అందరితో కూర్చున్నాను, రుమాలు లేకుండా. రెండేళ్లకు స్మియర్ నెగెటివ్ వచ్చింది. “జబ్బు పోయింది. వేళ్లు మాత్రం మీరు ఆలస్యం చేసిన గుర్తు,” అంది డాక్టరమ్మ. ఫిజియోథెరపీతో కొంత మేలు, కాని ఆ రెండు వేళ్లు పూర్తిగా చాపలేను.

ఇప్పుడు ఖమ్మంలో ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఇళ్ల ప్లాన్లు గీసి ఇస్తాను. వేడివి పట్టుకునే ముందు కుడిచేత్తో తాకి చూసుకుంటాను. చుట్టుపక్కలవాళ్లు మళ్లీ రాహేలు పులుసుకు అలవాటు పడ్డారు. అంతా బాగానే ఉందనుకుంటాను, ప్రభువు బల్ల రోజు వచ్చేదాకా.

ఇక్కడి చర్చిలో ఎవరికీ ఆ పాత సంగతి తెలియదు. ఎవరూ చోటు చూపించరు. అయినా రాహేలు తలుపు దగ్గరే కూర్చుంటుంది. అందరూ తీసుకున్నాక చివరిగా లేస్తుంది. ఒకసారి అడిగాను, ముందుకు రావచ్చు కదా అని. “అలవాటైంది” అంది. అప్పటి నుంచి నేను ఆమె పక్కనే కూర్చుంటున్నాను. ఆమె తర్వాత తీసుకుంటున్నాను.

ఇది చదివేవాళ్లకు ఒకటే చెప్పగలను. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే ఆ వారమే దవాఖానాకు పోయి మీ పేరు మీదే చీటీ రాయించుకోండి. జబ్బు మందుతో పోతుంది. ఇంకొకరి పేరు మీద వేసినది పోదు.

ఇది రాస్తానంటే రాహేలు వద్దనలేదు. కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా అంది. “రాయి. ఈసారన్నా నీ పేరు మీద రాయి.”