తదియ పోయిన ఏడు

శాలిబండలో షేర్ ఆటో దిగగానే దవనం వాసన ముక్కుకు తగిలింది. పూలమ్మే ఆమె గంపలో మల్లెల పక్కన, తడి గోనె కింద, బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ కట్టలు. మామూలు రోజుల్లో నాలుగైదు ఉంటాయి. ఇవాళ ముప్పై దాకా లెక్కపెట్టాను. ఎందుకమ్మా ఇన్ని అని అడిగితే, "గౌరమ్మను ఉయ్యాలల ఊపే రోజు గదా అన్నా, గుడోళ్లు తెమ్మన్నరు" అంది. ఉగాది పోయి రెండు రోజులైంది. చైత్ర శుద్ధ తదియ. రోడ్డు మీద వెళ్తున్న వాళ్లలో ఎవరినైనా ఆపి ఇవాళ ఏం పండుగ అని అడిగితే, ఏం లేదనే చెబుతారు.

ఈ ఒక్క రోజులో ఎన్ని పండుగలు ఉన్నాయో నాకు నేర్పింది వైదేహమ్మ గారు. గౌరీశంకరులను దవనంతో పూజించి ఉయ్యాల ఊపే డోలాగౌరీ వ్రతం ఈ రోజే. విష్ణువు చేప రూపం ఎత్తిన మత్స్యజయంతి ఈ రోజే. ఒక మనువు కాలానికి తొలి దినమని పెద్దలకు నీళ్లు వదిలే మన్వాది కూడా ఈ రోజే. మార్వాడీ ఇళ్లలో ఆడవాళ్లు హోలీ మర్నాడు మొదలుపెట్టిన గణగౌర్ పూజ ముగిసేదీ ఈ రోజే. నాలుగు పండుగలు నాలుగు రకాల మనుషులవి, ఒకరి పండుగ ఇంకొకరికి తెలియదు. బ్యాంకులు తెరిచే ఉంటాయి, బస్సులు తిరుగుతూనే ఉంటాయి.

నేను నీళ్ల ఆఫీసులో పంపు ఆపరేటర్‌ని. గంటకోసారి మీటర్లు చూసి రిజిస్టరులో ఎక్కించడం నా పని. పదో తరగతితో చదువు ఆగిపోయినా అంకెలంటే మొదటి నుంచీ ఇష్టం. ముప్పై ఏళ్ల వయసులో ఒకసారి, శాలిబండలో ఒక సందుకు నీళ్లు సరిగా రావడం లేదని ఫిర్యాదు వస్తే, లైన్‌మన్ రాలేదని నన్ను పంపారు. ఫిర్యాదు చేసింది వైదేహమ్మ గారు. గుడి సేవలో ఉన్న కుటుంబం వాళ్లది. తండ్రి పంచాంగం గుణించేవారట. ఆవిడ ఏదో సర్కారు ఆఫీసులో పట్టికలు వేసే పని చేసి రిటైరై, గుడి వెనక రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. నేను కుళాయి వైపు చూసేలోపే ఒక పొడుగాటి నోటుబుక్కు నా ముందు పెట్టింది. నూట నలభై రోజుల లెక్క. నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, పది నిమిషాల్లో ఎన్ని బిందెలు నిండాయి, ఎన్నింటికి ఆగాయి.

"మీరు ఆరున్నరకు ఇడుస్తమంటరు. నా సగటు ఏడూ పది. శుక్రారం ఇంకో ఇరవై నిమిషాలు లేటు. శుక్రారం మీకేమైతది నాయనా?"

శుక్రవారం మా వాల్వు తిప్పే మనిషికి సెలవు. పక్క ఏరియా మనిషి తన పని ముగించుకుని వచ్చి తిప్పేవాడు. ఆ సంగతి మా ఆఫీసులోనే ముగ్గురికే తెలుసు. ఆవిడ ఇంట్లో కూర్చుని, బిందెలు పెట్టి కనుక్కుంది. ఆ లెక్క రాసుకుంటానని నోటుబుక్కు అడిగి తీసుకుంటే, వెనక పేజీల నిండా నాకు అర్థం కాని డిగ్రీలు, గంటలు, నిమిషాలు ఉన్నాయి.

"ఇవేందమ్మా?"

"చంద్రుడు. ఆయన గూడ మీ నీళ్ల లెక్కనే, టైముకు రాడు. కాకపోతే ఎంత లేటో ముందుగాలనే చెప్పొచ్చు."

ఆ తర్వాత ఆరేడేళ్లు, షిఫ్టు లేని ప్రతి ఆదివారం ఆ అరుగు మీదే గడిచింది. సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడు వేగంగా నడిచే రోజుల్లో ఒక తిథి ఇరవై గంటల చిల్లరకే అయిపోతుంది, మెల్లగా నడిచే రోజుల్లో ఇరవై ఆరు దాటుతుంది. తెల్లవారి సూర్యుడు లేచే వేళకు ఏ తిథి ఉంటే, ఆ రోజుకు ఆ తిథి పేరు. ఇంతవరకు ఆవిడ చెప్పింది. మిగిలింది పాత పుస్తకాలు కొని, కాలిక్యులేటర్ పట్టుకుని, పంపుల హోరులో కూర్చుని నేనే నేర్చుకున్నాను. తప్పులు చేశాను, దిద్దుకున్నాను. నాలుగో ఏడు వచ్చేసరికి ఆవిడ లెక్కకూ నా లెక్కకూ రెండు నిమిషాలకు మించి తేడా ఉండేది కాదు.

ఆవిడ శాలిబండలోనే ఉన్న ఖలీల్ భాయ్ ప్రెస్సుకు ఏటా ఒక గోడ క్యాలెండర్ తయారు చేసి ఇచ్చేది. ఎనిమిది వందల కాపీలు. ఆ సందుల్లోని కిరాణా దుకాణాల వాళ్లు, టైలర్లు తమ ఖాతాదారులకు పంచుకునేవారు. చిన్న క్యాలెండర్ కాబట్టి గడికి ఒక తిథి, కింద ఒకటో రెండో ముక్కలకు చోటు. ఆ చోటు దేనికివ్వాలో ఆవిడకు ఒక పద్ధతి ఉండేది. "దసరాకు క్యాలెండరెందుకు యాదగిరీ, బజారే చెప్తది. బోనాలకు డప్పు చెప్తది. చిన్న పండుగకే ఎవ్వరు లేరు, దానికే ఈ గడి" అనేది. అయితే శాస్త్రంలో ఉన్నంత మాత్రాన ఏ చిన్న పండుగనూ గడిలోకి రానిచ్చేది కాదు. దాన్ని చేసే ఇల్లు ఒక్కటైనా చూపించాలి. ఆ ఇంటి పేరు ముందు నోటుబుక్కులో ఎక్కాలి, తర్వాతే పండుగ గడిలోకి ఎక్కేది. మత్స్యజయంతి పక్కన ఒకే ఒక పేరు ఉండేది: పెంటయ్య, మీరాలం చెరువు.

ఐదో ఏడు ఆవిడ రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. క్యాలెండర్ మొత్తం మొదటిసారి నా చేతికిచ్చింది. "నేను చూసేది లేదు, చూడలేను. నువ్వే" అంది. మూడు నెలలు కూర్చున్నాను. ప్రతి తిథినీ రెండుసార్లు గుణించాను. సూర్యుడు లేచే వేళకు ఏ తిథి ఉందో చూసి గడిలో వేశాను. మా ఆఫీసులో ఏటా షామియానా వేసి ప్రసంగం వినిపిస్తారు గనుక, మార్చి ఇరవై రెండు గడిలో ప్రపంచ జల దినోత్సవం అని కూడా వేశాను. అచ్చయింది. జనవరి మొదటి వారానికి ఎనిమిది వందలూ గోడలకెక్కాయి. నాకు చాలా గర్వంగా ఉండింది, ఎందుకు దాచడం.

మాఘమాసంలో ఆవిడకు ఆపరేషన్ అయింది. కొత్త కళ్లద్దాలు వచ్చిన రోజు నేను వెళ్లేసరికి గోడ మీది క్యాలెండర్ తీసి ఒళ్లో పెట్టుకుని ఉంది. మార్చి పేజీ మీద వేలు పెట్టి ఒక్కో గడి జరుపుతోంది.

"ఇరవై ఒకటి పాడ్యమి, ఉగాది. ఇరవై రెండు విదియ. ఇరవై మూడు చవితి." వేలు ఆగింది. "తదియ ఏది యాదగిరీ?"

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఆ తదియ పొట్టిది. ఇరవై రెండున సూర్యుడు లేచాక, ఎనిమిది ప్రాంతంలో మొదలై, మర్నాడు సూర్యుడు లేవకముందే అయిపోతుంది. రెండు సూర్యోదయాల్లో ఒక్కదాన్నీ తాకదు. పంచాంగం వాళ్లు దీన్నే క్షయ తిథి అంటారు.

"పొద్దుపొడిచే యాళ్లకు లేదమ్మా. లెక్క కరెక్టే."

"లెక్క కరెక్టే. మరి గౌరమ్మను ఎప్పుడు ఊపాలె?"

పండుగల జాబితా తదియ అనే మాటకు తగిలించి పెట్టుకున్నాను. గడిలో తదియ పడలేదు కాబట్టి దానితో పాటే నాలుగు పండుగలూ జారిపోయాయి. గడికి ఒకే తిథి అనే మా క్యాలెండర్‌లో, లెక్క పూర్తిగా సరిగ్గా వేసేవాడు మాత్రమే చేయగల తప్పు అది. తెలియనివాడు ఉగాది నుంచి మూడో రోజు తదియ అని ఇరవై మూడున వేసేవాడు, అదీ తప్పే, కానీ పండుగ అనేది ఒకటి ఉందని అయినా తెలిసేది.

"మార్వాడీలకు వాళ్ల పండితుడున్నడు. గుళ్లె అయ్యగారున్నరు, వాళ్లు చూసుకుంటరు" అన్నాను.

"పెంటయ్యకెవరున్నరు?" అంది.

ఆ సాయంత్రమే ఇద్దరం ప్రెస్సుకు వెళ్లాం. ఖలీల్ భాయ్ మా ఇద్దరికీ చాయ్ తెప్పించి, చెప్పింది విని నవ్వాడు. "అరే యాదగిరి భాయ్, గింత బారీక్‌గ ఎవరు చూస్తరు? ఒక్క రోజు కోసం ఫికర్ చేస్తున్నవా? వచ్చే సాల్ బరాబర్ వేద్దాం, ఖతం."

"వచ్చే ఏడు తదియ వచ్చే ఏడుది. ఈ ఏడుది గాదు" అంది వైదేహమ్మ గారు.

ఆయన ఆవిడతో ఎప్పుడూ వాదించలేదు. కత్తిరించగా మిగిలిన కాగితం మీద, గడి మీద అంటించడానికి సరిపోయే చీటీలు వేసిస్తానన్నాడు. చీటీ మాటలు నన్నే రాయమన్నారు. రాశాను: 'ఇరవై రెండు ఉదయం ఎనిమిది తర్వాత తదియ. డోలాగౌరి, మత్స్యజయంతి, మన్వాది, గణగౌర్. పొరపాటు గడిలో వేయడంలో జరిగింది, గుణించడంలో కాదు. యాదగిరి.' వైదేహమ్మ గారు కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఈ గుణించుడు ముక్క ఎవరి కోసం?"

నేను తల గోక్కున్నాను.

"నీ కోసం. తీసెయ్యి."

తీసేశాను. ఆ రెండు మాటలు కొట్టేయడానికి పట్టినంత సేపు నాకు ఏ గుణకారానికీ పట్టలేదు.

చీటీలు దుకాణాల వాళ్లకిచ్చి ఫోన్లు చేయించమని ఖలీల్ భాయ్ అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "ఫోను చేస్తే ఆఁ అని పెట్టేస్తరు. మనిషి ఇంటికొస్తే లేచి క్యాలెండర్ కాడికి పోతరు" అంది. డ్యూటీ దిగాక రోజూ రెండు గంటలు తిరిగాను. నెల రోజుల్లో ఆరు వందల పైచిలుకు ఇళ్లు, దుకాణాలు. కొందరు నవ్వారు. ఒక టైలర్, "మా ఇంట్ల తదియ ఉన్నదని గిప్పుడే తెలిసింది భాయ్, థ్యాంక్స్" అని ఎగతాళి చేశాడు. సంతోష్‌నగర్‌లో ఒక ముసలామె మాత్రం చీటీ అంటించేదాకా నన్ను కూర్చోనివ్వలేదు, అంటించాక లేవనివ్వలేదు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా గౌరికి ఉయ్యాల ఉందట. ఆవిడ పేరు నోటుబుక్కులోకి ఎక్కింది.

పెంటయ్య మాత్రం దొరకలేదు. నోటుబుక్కులో ఉన్న ఇల్లు కూల్చి అక్కడ మూడంతస్తులు కడుతున్నారు. కిషన్‌బాగ్ వైపు మనవరాలి దగ్గరికి పోయాడని ఎవరో చెప్పారు. రెండుసార్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చాను. ఉగాది రోజు వైదేహమ్మ గారికి పచ్చడి ఇవ్వడానికి వెళ్తే, ఆవిడ పండుగ మాట మాట్లాడలేదు. "ఎనభై దాటినయ్ ఆయనకు. ఇంకెన్ని తదియలుంటయో" అని మాత్రం అంది.

ఇరవై రెండు ఆదివారం. పొద్దున్నే బయలుదేరి కిషన్‌బాగ్‌లో సందు సందూ అడిగాను. తొమ్మిది దాటాక ఒక రేకుల ఇంటి ముందు, నులక మంచం మీద కూర్చుని వల ముడులు విప్పుతున్న ముసలాయన కనిపించాడు. లోపలి గోడకు మా క్యాలెండరే ఉంది.

"పెంటయ్య తాతవేనా? ఇయ్యాల తదియ తాతా."

ఆయన తలెత్తలేదు. "రేపు. నిన్న ఉగాది, ఇయ్యాల రెండోది, రేపు మూడోది. మూడు లెక్కవెట్టనీకి గూడ పంతులు గావాల్నా?"

"ఈసారి రెండోది పొద్దున ఎనిమిదికే అయిపోయింది. మూడోది నడుస్తున్నది. రేపు పొద్దు పొడిచే యాళ్లకు ఉండదు."

"క్యాలెండర్ల లేదని నా మనుమరాలు సదివి చెప్పింది."

"ఆ క్యాలెండర్ రాసింది నేనే. తప్పు రాసిన."

అప్పుడు చూశాడు నన్ను, కాళ్ల నుంచి పైకి. నా చెప్పుల నిండా దుమ్ము. "రాసినోనివి నువ్వేనా?"

"నేనే."

"గది చెప్పనీకి గింత దూరమొచ్చినవా?"

"మూడుసార్లొచ్చిన. రెండుసార్లు నీ ఇల్లు దొరకలే."

ఆయన వల పక్కన పెట్టాడు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "మరి నిలవడ్డవేంది, నడువ్. మరమరాలు కొనాలె."

దారిలో ఆయనే చెప్పాడు. వాళ్ల నాయన ఆ చెరువులో చేపలు పట్టేవాడు, తర్వాత ఈయన. ఏడాదంతా తీసుకుంటాం కాబట్టి ఈ ఒక్కరోజు వల ముట్టుకోకుండా చేపలకు మేత పెట్టి రావాలని నాయన చెప్పాడట. ఇప్పుడు ఆ నీళ్లలో పట్టేదేమీ లేదు, అయినా పెట్టడం మానలేదు. చెరువు గట్టు మెట్ల మీద కూర్చుని పిడికెడు పిడికెడు వేశాడు. ముందు ఏమీ కదల్లేదు. తర్వాత నీళ్ల మీద చిన్న చిన్న నోళ్లు లేచాయి. నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయి ఆపేశాను. సంచి ఖాళీ అయ్యాక ఆయన చేతులు దులుపుకుని, "రేపొస్తే ఒట్టి నీళ్లకు ఏసేటోన్ని" అన్నాడు.

సాయంత్రం వైదేహమ్మ గారికి చెబితే నోటుబుక్కు తీసి, పెంటయ్య పేరు కింద కిషన్‌బాగ్ ఇంటి గుర్తులు నా చేతే రాయించింది. శభాష్ అనలేదు. వచ్చే సంవత్సరం క్యాలెండర్ ఎప్పుడు మొదలుపెడతావని అడిగింది.

ఆవిడ పోయి నాలుగేళ్లు. క్యాలెండర్ నేనే వేస్తున్నాను, ఇప్పుడు దాని మీద నా పేరు కూడా ఉంటుంది. గడులన్నీ నిండాక, గడుల సంగతి పక్కన పెట్టి పాడ్యమి నుంచి అమావాస్య దాకా ప్రతి నెలా తిథులను వరుసగా ఇంకోసారి చదువుతాను. ఆ రెండో చదువుతో చాలా తప్పులు ముందే దొరుకుతాయి. అన్నీ దొరకవు. పెంటయ్య ఆ రోజు నా మాట నమ్మింది నా డిగ్రీలూ నిమిషాలూ చూసి కాదు. వాటిని ఆయనకు చూపించనే లేదు. తప్పు చేసిన మనిషి తన కాళ్ల మీద నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. నేను అంకెల మనిషినే, అంకెలనే నమ్ముతాను. కానీ అచ్చైన కాగితంలో నా తప్పు కనిపిస్తే ఇప్పటికీ ఫోను తీయను. చెప్పులు తొడుక్కుంటాను.