వాగు అవతల మోగిన వయొలిన్

ఇన్నాళ్లూ ఇది ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. నలభై దాటాక రాత్రిబడిలో పలక పట్టుకున్నాను. అంతకుముందు నోటితో చెబితే విన్నవాళ్లు నవ్వారు. "జ్వరం నీ బిడ్డకా, నీకా?" అన్నారు. కాగితమైతే మధ్యలో నవ్వదు. ఇది నిజంగా జరిగింది. నా బిడ్డ మీద ఒట్టు మాత్రం వేయను. ఆ రాత్రి చేతుల్లోంచి జారిపోబోయింది ఆ బిడ్డే.

మాది దమ్మపేట అవతల అడవిని ఆనుకున్న పల్లె. ఎనభైల్లో మాట. మా ఆయనకు పాల్వంచలో షిఫ్టు పని. ఇంట్లో నేను, మా అత్త, మూడేళ్ల సరోజ. పక్క గదిలో కిరాయికి ఒక ఇంజినీరు సారు ఉండేవాడు. చెరువు పనికి వచ్చాడు. ఆయనకు ఒక టేపు రికార్డరు. పొద్దుగూకితే ఒకటే క్యాసెట్ పెట్టేవాడు. మాటలు ఉండవు. వయొలిన్ ఒకటి, పియానో ఒకటి.

"ఇదేం పాట సారూ, ఎవరన్న సచ్చిపోయిండ్రా?" అని అడిగింది మా అత్త.

ఆయన నవ్వాడు. "దీన్ని సొనాటా అంటరు పెద్దమ్మా. రెండు వాద్యాలు మాట్లాడుకుంటయి. ఇది నెమ్మదిగ పోయే భాగం. మైనరు శ్రుతి. అందుకే దిగులుగ ఉంటది."

"దిగులుకు గూడ శ్రుతి ఉంటదా సార్?" అన్నాను.

"ఎందుకుండదమ్మా? మీరు నాట్లల్ల పాడరా?"

పాడతాం. మా మడిలో పాట ఎత్తేది నేనే. పాట వేగమే చేతుల వేగం. వరసలో ఒకామె వెనకబడితే పేరు పెట్టి పిలవం. అందరిలో సిగ్గుపడుతుంది. గొంతు దించకుండా పాటనే కాస్త సాగదీస్తాం. ఆమె అందుకున్నాక మళ్లీ మామూలే.

టేపుకు అది చేతకాదు. సెల్లులు అయిపోయిన రోజు పాట ఈడ్చుకుంటూ పోయింది. దాంతోపాటే వయొలిన్ గొంతు దున్నపోతు గొంతులా బొంగురుపోయింది. "వేగం పడితే శ్రుతి గూడ పడ్తది. మిషన్ల రెండిటినీ ఒక్క తాడుకే కట్టిండ్రు," అంటూ సారు సెల్లులు తీసి ఎండలో పెట్టాడు.

ఒకరోజు ఆయన టేపు సంచిలో పెట్టుకొని ఖమ్మం పోయాడు. మర్నాడు మొదటి బస్సుకు వస్తానన్నాడు. ఆ రాత్రి సరోజకు జ్వరం ముదిరింది. కళ్లు పైకి పోయాయి... పళ్లు బిగిశాయి.

"దమ్మపేట దవాఖానకు తీస్కపో. తెల్లారేదాక ఆగితే దక్కదు," అంది అత్త. బిడ్డను చీరతో నా వీపుకు కట్టింది. లాంతరు చేతికిచ్చింది. "అడవిల ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాక పల్కకు. ఇన్నవా?"

"అవ్."

మనిషి కానిదానికి రెండుసార్లకు మించి పిలవడం చేతకాదని మా నమ్మకం.

వాగు దాటగానే వాన. లాంతరు ఆరిపోయింది. కాలి కింద బురద, గడ్డి, మళ్లీ బురద. బాట ఎక్కడ తప్పానో తెలియదు. వీపు మీద బిడ్డ నిప్పులా ఉంది. నా మెడకు దాని ఊపిరి తగులుతోంది... ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి. అరిచాను. నా గొంతు నాకే తిరిగొచ్చింది.

వాన ఆగింది. ఆకుల మీంచి చుక్కలు... టప్... టప్... ఆ చుక్కల వెనక... సన్నగా... వయొలిన్.

అదే పాట. అదే దిగులు.

సారు తిరిగొచ్చాడేమో అనుకున్నాను. "సార్..." అన్నాను. పాట సాగుతూనే ఉంది. పేరు పెట్టి పిలిస్తే ఏం చేయాలో అత్త చెప్పింది. ఇది పిలవలేదు. దీనికేం చేయాలో నాకెవరూ చెప్పలేదు. పాట కొంచెం దూరం జరిగింది. నేనూ జరిగాను.

క్యాసెట్లో పియానో జవాబు చెప్పే చోట్లు నాకు కంఠతా వచ్చు. ఇక్కడ ఆ చోట్లు ఖాళీ... ఆ ఖాళీలో నా అడుగులు పడ్డాయి. చప్... చప్... మళ్లీ వయొలిన్.

వేరు తగిలి మోకాళ్ల మీద పడ్డాను. లేవలేకపోయాను. అప్పుడు... పాట నెమ్మదించింది. ఒక్క స్వరాన్ని పట్టుకొని నిలబడింది. సాగింది... సాగింది... బొంగురుపోలేదు. వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు.

ఇది మిషన్ కాదు. ఎవరో వాయిస్తున్నారు. నేను వెనకబడ్డానని తెలిసి వాయిస్తున్నారు.

భయం పోయిందని చెప్పను. కానీ అది పారిపోవాలనిపించే భయం కాదు. గర్భగుడి ముందు నిలబడితే వచ్చే భయం.

లేచాను. పాట కదిలింది. మెల్లగా బిడ్డ ఊపిరి దాని నడకలో కలిసింది. స్వరం ఎక్కితే లోపలికి... దిగితే బయటికి... ఎంతసేపు నడిచానో చెప్పలేను. కాలికి గట్టిగా తగిలింది. తారు రోడ్డు. వెనక్కి తిరిగాను. చెట్లు. చుక్కల చప్పుడు. ఇంకేమీ లేదు.

ఒక లారీ డ్రైవరు ఎక్కించుకున్నాడు. దవాఖానాలో నర్సమ్మ సూది వేసి, తడిగుడ్డ చుట్టింది. "ఇంకింత ఆలిస్యమైతే మా చేతుల లేకుండె," అంది.

తెల్లారేసరికి సరోజ కళ్లు తెరిచింది. పాలు తాగింది. దాన్ని నర్సమ్మకు అప్పజెప్పి బస్టాండుకు పోయాను. మొదటి బస్సు దిగిన సారు బురద పట్టిన నా చీర చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా, గిట్లున్నవ్?"

"ఆ క్యాసెట్ ఒక్కసారి పెట్టున్రి సార్."

ఆయన నా మొహం చూసి సంచి విప్పాడు. టీ కొట్టు బల్ల మీద టేపు పెట్టి నొక్కాడు. అదే శ్రుతి. పియానో తన చోట్లన్నిటిలో పలికింది. నేను పడిపోయిన చోటు వచ్చింది. టేపు మీదికి వంగాను. టేపు నా కోసం ఆగలేదు. తన వేగంతో తను పోయింది.

"ఇంకోసారి పెట్టాల్నా?"

"వద్దు సార్."

బిడ్డ దగ్గరికి తిరిగి వస్తూ, దవాఖానా మెట్ల మీద అడవి వైపు తిరిగాను. దండం పెడదామనుకున్నాను. ఎవరికి పెట్టాలో తెలియలేదు. చేతులు మాత్రం జోడించాను.